బొమ్మ తిప్పి అడుగు

చి. సుజాతకు,

మావయ్య ఆశీస్సులు. ఏడో తరగతికి రేఖలు–కోణాలు పాఠం పూర్తయిందనీ, వచ్చే వారం పునశ్చరణ చేయించి ఆ పై వారం పరీక్ష పెడతాననీ రాశావు. పునశ్చరణ అంటే పాఠం మళ్లీ మొదటి నుంచి చెప్పడం కాదమ్మా. నిర్వచనాలు వాళ్లకి కంఠస్థమే. బొమ్మ కొంచెం పక్కకి తిరిగేసరికి ఆ పేర్లన్నీ పోతాయి. నువ్వు పట్టుకోవలసింది అక్కడే.

మొదటి పీరియడులో పది నిమిషాలు చాలు. బోర్డు మీద 40 డిగ్రీల కోణాలు రెండు గియ్యి. ఒకదాని భుజాలు జానెడు, ఇంకోదానివి రెండు అంగుళాలు. ఏది పెద్దదని అడిగితే చాలామంది పొడుగు భుజాల వైపే వేలు పెడతారు. కోణమంటే గీతల పొడవు కాదు, ఒక గీత నుంచి ఇంకో గీతకి ఎంత తిరిగామన్నది. మన విశాఖ డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ గుర్తు చెయ్యి. వెలుగు సముద్రంలోకి ఎంత దూరం పోయినా ఒక చుట్టుకి తిరిగేది 360 డిగ్రీలే.

తర్వాత లంబకోణాన్ని వంకరగా, దాని మూల కిందికి వచ్చేలా గియ్యి. ‘ఎల్’ అక్షరంలా నిలబడితే తప్ప లంబకోణం కాదనుకునేవాళ్లు ఎంతమందో తెలుస్తుంది. పేరు రాయించడం కూడా ఇక్కడే చూడు. ‘కోణం ఏబీసీ’ అంటే మధ్య అక్షరమే శీర్షం, అంటే రెండు భుజాలూ కలిసే చోటు. ఒకే శీర్షం దగ్గర మూడు కోణాలున్నప్పుడు ఉత్తి ‘కోణం బీ’ అని రాస్తే మార్కు ఇవ్వకు. ఏ కోణమో ఆ పిల్లవాడికే తెలియదు.

కోణమానినితో (ప్రొట్రాక్టర్) వచ్చే తప్పులు మూడే. 50 డిగ్రీలకి 130 అని చదవడం మొదటిది. కొలవబోయే ముందే అల్పకోణమా (90 లోపు), అధికకోణమా (90 పైన) అని పక్కన రాయించు, ఈ తప్పు సగానికి పైగా తగ్గుతుంది. మిగిలినవాళ్లకి, సున్నా ఏ భుజం మీద పడిందో ఆ సున్నాతో మొదలైన అంకెల వరుసే చదవాలని చెప్పు. రెండోది, శీర్షాన్ని ప్లాస్టిక్ అంచు మీద పెట్టడం. చాలా కోణమానినుల్లో సున్నా గీత అడుగు అంచుకి కాస్త పైన ఉంటుంది, శీర్షం ఆ గీత మధ్య చుక్క మీదికే రావాలి. మూడోది, భుజం పొట్టిగా ఉంటే అంకెల దాకా చేరక ఉజ్జాయింపుగా చెప్పేయడం. స్కేలు పెట్టి భుజం పొడిగించుకోవచ్చని ఎవరూ చెప్పకపోతే పిల్లలకి తోచదు. దిద్దేటప్పుడు ఒక డిగ్రీ అటూ ఇటూ అయినా ఒప్పుకో.

రెండూ కలిపితే పూరక కోణాలు 90, సంపూరక కోణాలు 180. అక్షరం ఒకటి పెరిగితే మొత్తం కూడా పెరుగుతుందని చెబితే గుర్తుంటుంది. సంయుగ్మ కోణాల దగ్గర (360) ఈ కిటుకు పనిచెయ్యదు, అది విడిగా చెప్పు. అసలు గందరగోళం రేఖీయద్వయం దగ్గర. బెంచీకి ఆ చివర 110, ఈ చివర 70 ఉన్నా అవి సంపూరకాలే. రేఖీయద్వయం కావాలంటే పక్కపక్కన ఉండాలి, ఉమ్మడి భుజం ఉండాలి, బయటి భుజాలు రెండూ కలిసి ఒకే సరళరేఖ కావాలి. రెండు సరళరేఖలు ఖండించుకున్నచోట ఎదురెదురుగా వచ్చే శీర్షాభిముఖ కోణాలదీ ఇదే గొడవ. ఒక గీత మధ్యలో కొద్దిగా విరిగిన బొమ్మ వేసి, ఎదురెదురు కోణాలు సమానమా అని అడుగు. గీత తిన్నగా ఉందో లేదో చూడకుండా ‘సమానమే’ అన్నవాళ్ల పేర్లు రాసుకో.

సమాంతర రేఖలకి కొబ్బరి ఈనెలు మూడు చాలు. రెండు అడ్డంగా, ఒకటి వాటిని దాటుతూ ఏటవాలుగా; అదే తిర్యగ్రేఖ. ఫ్యాను గాలికి ఎగిరిపోతాయి, మన విశాఖ ఉక్కపోతలో ఫ్యాను ఆపమంటే పిల్లలు ఊరుకోరు. కలిసే చోట సైకిలు వాల్వ్ ట్యూబు ముక్క గుచ్చితే కదలవు, కోణం మార్చనూ వచ్చు. మర్రిపాలెం, గోపాలపట్నం వైపు పిల్లలుంటే రైలు పట్టాలు చూపించు. బ్రాడ్‌గేజీలో రెండు పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. దూరంగా చూస్తే కలిసినట్టున్నా ఎక్కడ కొలిచినా అంతే. ముందు ఈనెలని సమాంతరంగా ఉంచి ఒక కోణం 115 అయితే మిగతా ఏడూ చెప్పమను. మొత్తం ఎనిమిదిలో నాలుగు 115, నాలుగు 65. ఆ తర్వాత అడ్డంగా ఉన్న ఈనెల్లో ఒకదాన్ని కొంచెం పక్కకి తిప్పు. రెండు కూడళ్లలోనూ ఒకే స్థానంలో ఉండే కోణాలకి సదృశ కోణాలన్న పేరు అలాగే ఉంటుంది, సమానత్వం మాత్రం పోతుంది. పరీక్షలో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే: రేఖలు సమాంతరమని ఇవ్వకపోయినా సమానమని రాసేస్తారు.

నాకు ఇష్టమైన ప్రశ్న ఒకటుంది, రెండో పీరియడంతా దానికే ఇచ్చినా తప్పులేదు. కోణాలు 2ఎక్స్+10, 3ఎక్స్–5. ఈ రెండు రాశులే నాలుగు బొమ్మల్లో పెట్టు: రేఖీయద్వయం, శీర్షాభిముఖ కోణాలు, సమాంతర రేఖల దగ్గర సదృశ కోణాలు, ఆ సమాంతర రేఖల మధ్యలోనే తిర్యగ్రేఖకి ఒకేవైపు పడే అంతరకోణాలు. మొదటిదానిలోనూ చివరిదానిలోనూ ఎక్స్ 35, కోణాలు 80, 100. మధ్య రెండింటిలో ఎక్స్ 15, రెండు కోణాలూ 40. సమీకరణం కట్టకముందు ‘కలిపితే 180యా, రెండూ సమానమా’ అని ఒక్క మాట రాయించు. ఎక్స్ దగ్గరే ఆగిపోయేవాళ్లుంటారు. కోణం అడిగితే ఎక్స్ విలువ జవాబు కాదు కదా.

పరీక్ష 20 మార్కులకి చాలు. గీయడానికి, కొలవడానికి 4, గుర్తించి పేరు రాయడానికి 6, మిగతా 10 కారణంతో జవాబు చెప్పేవాటికి. ఆ పది మార్కుల్లో జవాబుకి ఒకటి, కారణానికి ఒకటి చొప్పున పంచు. అంకె సరిగ్గా వచ్చి కారణం తప్పయితే సగమే. ఆ బొమ్మలు కావాలనే కొలతకి సరిపోకుండా గీసి, కింద ‘కొలతకు గీయలేదు’ అని రాయి. లేకపోతే కోణమానిని పెట్టి జవాబు లాగేస్తారు. కొలిచే ప్రశ్నకి మాత్రం జాగ్రత్త. జిరాక్సులో చిన్నదైనా పెద్దదైనా కోణం మారదు, కంప్యూటర్లో బొమ్మని ఒక పక్కకే సాగదీస్తే మారిపోతుంది. అచ్చయిన కాగితం మీద నువ్వే ఒకసారి కొలిచి చూసుకో.

దిద్దాక మార్కులు చదివి వదిలెయ్యకు. ఏ తప్పు ఎంతమంది చేశారో అడ్డగీతలు పెట్టి లెక్కించు. సగం తరగతి చేసిన తప్పుకి పిల్లల్ని కాదు, పాఠాన్ని చూసుకో. నలుగురైదుగురి తప్పుని వాళ్లతోనే కూర్చుని ఈనెలతో సరిదిద్దు. వారం తర్వాత మూడే ప్రశ్నలు, అవే బొమ్మలు, కాగితం తలకిందులు చేసి ఇవ్వు.

మీ మావయ్య