యాంటీబాడీలు లేని నత్త పురుగును ఎలా చంపుతుంది?

"నత్తలకు యాంటీబాడీలు ఉండవు కదా, ఒంట్లోకి దూరే చదును పురుగుల్ని ఎలా ఎదుర్కొంటాయి? అసలు ఎదుర్కొంటాయా?" అని అడిగారు. ఎదుర్కొంటాయి, గెలుస్తాయి కూడా. పీహెచ్‌డీ రోజుల్లో అమెరికాలో ఒక ల్యాబ్‌లో నేను పనిచేసింది బయోంఫలేరియా గ్లాబ్రాటా అనే మంచినీటి నత్తల మీదే. అందుకే దాని గురించే చెబుతాను. బ్రెజిల్, కరీబియన్ దీవుల్లో మనుషులకు బిల్హార్జియా జబ్బు తెచ్చే స్కిస్టోసోమా మాన్సోని పురుగు ఈ నత్తలోనే పెరుగుతుంది.

బైపీసీ చదివినవాళ్లకు మిరాసిడియం, స్పోరోసిస్ట్, సెర్కేరియా అనే పేర్లు గుర్తుండే ఉంటాయి. ఇవి ఈ పురుగు పెరిగే క్రమంలో వరుసగా వచ్చే పిల్ల దశలు. రోగి మలంలోని గుడ్లు నీళ్లలో పడితే మిరాసిడియం బయటికొచ్చి ఈదుకుంటూ వెళ్లి నత్త చర్మంలోకి దూరుతుంది, అక్కడ స్పోరోసిస్ట్‌గా మారుతుంది. ఎవరు గెలిచేదీ చాలావరకు మొదటి ఒకట్రెండు రోజుల్లోనే తేలిపోతుంది.

నత్త తరఫున పోరాడేవి రక్తంలోని హీమోసైట్లు అనే కణాలు. వాటిని చూడటం తేలికే. నత్త పాదాన్ని పిపెట్ మొనతో మెల్లగా తడుతూ ఉంటే అది గుల్లలోకి బాగా ముడుచుకుపోతూ కాస్త రక్తం వదులుతుంది. ఆ రక్తం ఎర్రగా ఉంటుంది. మనకు కణాల్లో ఉండే హిమోగ్లోబిన్ వీటికి ద్రవంలోనే కరిగి ఉంటుంది. ఒక చుక్క గాజు పలక మీద వేసి మైక్రోస్కోప్ కింద పెడితే, గుండ్రంగా ఉన్న కణాలు కొద్ది నిమిషాల్లోనే గాజుకు అతుక్కుని, సన్నటి కాళ్లు చాచుకుంటూ పల్చగా పరుచుకుంటాయి. మొదటిసారి చూసినప్పుడు నేను కళ్లు తిప్పుకోలేకపోయాను.

బ్రెజిల్‌లోని సాల్వడార్ నుంచి వచ్చిన బీఎస్-90 అనే రకం నత్తలు ఈ పురుగును తట్టుకోవడంలో పేరున్నవి. వాటి ఒంట్లో స్పోరోసిస్ట్ చుట్టూ కొన్ని గంటల్లోనే హీమోసైట్లు బెల్లం ముక్కకు చీమలు పట్టినట్టు మూగి, పొరలు పొరలుగా కప్పేస్తాయి. లోపల చిక్కిన పురుగు మీదకు హైడ్రోజన్ పెరాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్ వదిలి చంపుతాయి. రెండు రోజులు తిరిగేసరికి అక్కడ పురుగు శిథిలాలే మిగులుతాయి. లొంగిపోయే రకం నత్తల్లో కూడా హీమోసైట్లు ఉంటాయి, పురుగు పక్కనుంచే తిరుగుతుంటాయి, కానీ చుట్టుముట్టి చంపవు. నాకు ఈ సబ్జెక్టు మీద ఇష్టం పుట్టింది ఆ తేడా చూశాకే. ఆయుధాలు ఇద్దరి దగ్గరా ఉన్నాయి. శత్రువును గుర్తుపట్టడం దగ్గరే పెద్ద తేడా వస్తోంది.

గుర్తుపట్టే పని చేసేవాటిలో ముఖ్యమైనవి రక్తంలో తిరిగే ఫ్రెప్ అనే ప్రోటీన్లు. కోయెన్ అడెమా, ఎరిక్ లోకర్ అనే శాస్త్రవేత్తలు ఉన్న బృందం 2004లో ఒక ఆశ్చర్యకరమైన సంగతి బయటపెట్టింది. కొద్దిపాటి మూల జన్యువుల నుంచే ఒక్కో నత్త తన శరీర కణాల్లో రకరకాల ఫ్రెప్‌లు తయారుచేసుకుంటుంది. ఒక నత్తలో ఉన్న సెట్టు ఇంకో నత్తలో ఉండదు. వెన్నెముక లేని జీవుల్లో ఇలాంటిది ఉంటుందని అంతకుముందు పెద్దగా ఎవరూ అనుకోలేదు. తట్టుకునే నత్తల్లో ఫ్రెప్-3 తయారీని తగ్గించి చూస్తే వాటిలో కొన్ని పురుగుకు లొంగిపోయాయి కూడా. వీటికి తోడు బయోంఫలైసిన్ అనే ఇంకో ప్రోటీన్ పురుగు పొరకు రంధ్రాలు పొడుస్తుంది.

పురుగేమీ చేతులు కట్టుకుని కూర్చోదు. దాని ఒంటి మీద మ్యూసిన్ అనే జిగురు ప్రోటీన్లు ఒక్కో పురుగుకు ఒక్కో రకంగా ఉంటాయి. ఫ్రెప్-2 అతుక్కునేది వీటికే. నత్త దగ్గరున్న ఫ్రెప్‌కు, పురుగు మీదున్న మ్యూసిన్‌కు జత కుదిరితే పురుగు దొరికిపోతుంది, కుదరకపోతే తప్పించుకుంటుంది. అందుకే ఒక ప్రాంతం పురుగును చంపేసే నత్త ఇంకో ప్రాంతం పురుగుకు ఇల్లైపోవచ్చు. "ఈ నత్తకు ఇమ్యూనిటీ ఉందా?" అని అడిగితే "ఏ పురుగు మీద?" అని ఎదురు ప్రశ్న వేయాల్సిందే.

నత్త ఓడిపోతే మాత్రం దాని బతుకు పురుగు చేతిలోకి పోతుంది. గుడ్లు పెట్టడం దాదాపు ఆగిపోతుంది. నాలుగైదు వారాలయ్యాక వెలుతురు పడగానే రోజుకు వందలు, ఒక్కోసారి వేలల్లో సెర్కేరియాలు బయటికొచ్చి మనిషి చర్మం కోసం వెతుక్కుంటాయి. ఇంకో విశేషం, ఒకసారి పురుగు సోకిన నత్తలోకి అదే రకం పురుగు మళ్లీ దూరితే చాలావరకు బతకదు. మొదటిసారి పని కణాలదైతే, రెండోసారి పని ఎక్కువగా రక్తంలో కరిగున్న ప్రోటీన్లదని 2016లో వచ్చిన పరిశోధన చూపించింది. యాంటీబాడీలు లేకుండానే ఇది ఒక రకం జ్ఞాపకశక్తి.

మన చెరువుల్లో, వరి పొలాల్లో దొరికే చుట్టల గుల్ల నత్త ఇండోప్లానార్బిస్ ఎగ్జస్టస్ దీనికి చుట్టమే. పశువులకు గురక వ్యాధి తెచ్చే స్కిస్టోసోమా నాసాలె దానిలో పెరుగుతుంది. దాని రక్తం కూడా ఎర్రనే. మీరు జువాలజీ విద్యార్థి అయితే, కాలేజీ మైక్రోస్కోప్ కింద హీమోసైట్లు కాళ్లు చాచడం దీనిలో చూడొచ్చు. గ్లవ్స్ మాత్రం తప్పకుండా వేసుకోండి, ఆ నీళ్లలో చెయ్యి పెట్టకండి. ఈ నత్తల నుంచి వచ్చే పశువుల సెర్కేరియాలు మనిషి చర్మంలోకి దూరితే అక్కడ పెరగలేవు కానీ, దద్దుర్లు, విపరీతమైన దురద తెస్తాయి.