వెనక సీటు ఇరుకైతే కేసు నిలుస్తుందా?

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఉంటాను. రూ.16 లక్షలు పెట్టి సన్‌రూఫ్ ఉన్న మిడ్‌సైజ్ సెడాన్ కొని 22 నెలలైంది. ఆరడుగుల మా నాన్నగారు వెనక కూర్చుంటే తల పైకప్పుకు తగులుతోంది. మధ్యలో కూర్చున్న అమ్మ యాదగిరిగుట్ట వెళ్లొచ్చేసరికి కాళ్లు పట్టేసి ఏడ్చినంత పని చేసింది. ఎన్ని మెయిళ్లు పెట్టినా షోరూమ్ వాళ్లు పలకడం లేదు. టెస్ట్ డ్రైవ్‌కు ఇచ్చింది సన్‌రూఫ్ లేని బండి. ‘లోపల స్థలం రెండింట్లో ఒకటే సార్’ అని సేల్స్ అబ్బాయి వాట్సాప్‌లో రాశాడు. ఆ ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశాను, బ్యాకప్ ఉందో లేదో చూడలేదు. బండి షోరూమ్ ముందు వదిలేసి ఈఎంఐలు ఆపేయమంటున్నాడు మా బావమరిది. డబ్బు వాపసు వస్తుందా?

జవాబు: మీ ఉత్తరంలో కేసుకు పనికొచ్చేది ఆ వాట్సాప్ మాట ఒక్కటే.

ఇరుకుగా ఉండటం చట్టం దృష్టిలో లోపం కాదు. ఈ తరగతి కార్లు నాలుగున్నర మీటర్ల పొడవున్నా, ముందు వెనక చక్రాల మధ్య దూరం దాదాపు 2600 నుంచి 2670 మిల్లీమీటర్లే. ముందు ఇంజిన్, వెనక డిక్కీ పోగా మిగిలిన దాంట్లోనే మనుషులు సర్దుకోవాలి. మైలేజీ కోసం, గాలి సాఫీగా జారిపోయేలా పైకప్పును వెనక్కి వాలుస్తారు. ఆ వాలు సరిగ్గా మీ నాన్నగారి నెత్తి మీదికే వస్తుంది. మీ అమ్మగారి కాళ్లకు అడ్డొచ్చిన, నేల మధ్యలో ఉండే ఎత్తు కింద సైలెన్సర్ గొట్టం పోతుంది. ఇవన్నీ కూర్చోగానే తెలిసేవే. ‘చూసే కొన్నారు కదా’ అని అవతలి లాయరు ఒక్క మాటతో కొట్టిపారేస్తారు.

సన్‌రూఫ్ సంగతి వేరు. అద్దం, అది జరిగే పట్టాలు, కింద తెర అన్నీ పట్టాలంటే లోపలి కప్పు కొంత కిందికి దిగుతుంది. చూపించిన బండి ఒకటి, ఇచ్చింది ఇంకొకటి, తేడా లేదన్న హామీ రాతలో ఉంది. ఆ హామీ అబద్ధమని తేలితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వాణిజ్య పద్ధతి అని వాదించవచ్చు.

కానీ ఆ రాత ఏదండీ? పదహారు లక్షల బండికి ఉన్న ఒక్క సాక్ష్యాన్ని కొత్త ఫోన్ మీద డిస్కౌంట్ కోసం ఇచ్చేశారు! బ్యాకప్ ఈ రోజే వెతకండి. దొరికితే స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టకుండా చాట్ మొత్తం తీసి, ఫోన్‌లోని రాత సాక్ష్యంగా చెల్లడానికి భారతీయ సాక్ష్య అధినియమ్ అడిగే 63వ సెక్షన్ సర్టిఫికెట్ జత చేయాలి. ఆ నంబరు షోరూమ్ మనిషిదేనని చూపే కొటేషన్ కాగితమో, విజిటింగ్ కార్డో కావాలి. రెండు మోడళ్లలోనూ వెనక సీటు నుంచి కప్పు దాకా టేపుతో ఇంజినీరు చేత కొలిపించి అఫిడవిట్ తీసుకోండి. తేడా అర అంగుళమైతే ఎవరూ పట్టించుకోరు. చాట్ దొరక్కపోతే కేసు వేయమని నేను చెప్పను.

కేసు వేయడానికి గడువు వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్లు. అంటే మీకు మిగిలింది రెండు నెలలు. మెయిళ్లు, నోటీసులు పంపినంత మాత్రాన అది పెరగదు. సరైన కారణముంటే వినియోగదారుల కమిషన్ ఆలస్యాన్ని మన్నించవచ్చు గానీ, ‘వాళ్లే పిలుస్తారనుకున్నాను’ అనేది కారణం కాదు.

మీ బావమరిది మాట మాత్రం చచ్చినా వినకండి. బండి అమ్మింది షోరూమ్, అప్పిచ్చింది బ్యాంకు. మీ తగాదాతో బ్యాంకుకు పని లేదు. ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ వెనక్కి పోతే 2007 నాటి చెల్లింపుల వ్యవస్థల చట్టం 25వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు పెట్టవచ్చు. రెండేళ్ల దాకా జైలు. సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. బండిని బ్యాంకు వాళ్లు పట్టుకుపోతే కొలిచి చూపడానికి సాక్ష్యమూ మిగలదు.

చాట్ దొరికితే స్పీడ్ పోస్టులో 15 రోజుల నోటీసు ఇచ్చి, ఆపై జిల్లా కమిషన్‌కు వెళ్లండి. మీరుండే చోటే వేయవచ్చు, వినియోగదారుల కేసుల పోర్టల్ ఈ-జాగృతిలో ఆన్‌లైన్‌లోనూ కుదురుతుంది. మీ బండి ధరకు ఫీజు 400 రూపాయలు. 22 నెలలు తిప్పిన బండికి పూర్తి సొమ్ము అడగడం అత్యాశ. రెండు మోడళ్ల ధరలో తేడా, దాని మీద కొంత పరిహారం అడగండి.