చార్టు అతికిస్తే ప్రాజెక్ట్ అయిపోదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం స్కూలు, కాలేజీ ప్రాజెక్టుల గురించే. ఫోన్లు, ఫేక్ మెసేజ్‌లు, సైబర్ మోసాలు... వీటి మీద పిల్లలతో ఏం చేయించాలని అడుగుతున్నారు. కొన్నిటికి జవాబులు ఇక్కడ ఇస్తున్నాను, పేర్లు వద్దన్నవాళ్ల పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: నేను వనపర్తి జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. తప్పుడు సమాచారాన్ని గుర్తుపట్టడం, ఫోన్‌ని బాధ్యతగా వాడటం మీద తొమ్మిదో తరగతి పిల్లలతో ప్రాజెక్ట్ చేయించమన్నారు. పిల్లలేమో చార్టు మీద ‘ఫేక్ న్యూస్‌ను అరికడదాం’ అని రాసి, పక్కన వాట్సాప్ బొమ్మ వేసి తెచ్చారు. ఇంతకంటే పనికొచ్చేది ఏదైనా ఉందా? సగం ఇళ్లలో ఒక్కటే ఫోన్, అదీ నాన్న జేబులో ఉంటుంది.

జవాబు: మేడమ్, ఫోన్ లేదని దిగులు పడకండి, మీకు కావలసిన సరుకు మీ స్కూలు వంటగదిలోనే ఉంది. రేషన్ బియ్యంలో, మధ్యాహ్న భోజనం బియ్యంలో ప్లాస్టిక్ గింజలు కలుస్తున్నాయన్న మాట మీ ఊళ్లో వినని ఇల్లు ఉండదు. 2017లో మన రెండు రాష్ట్రాల్లోనూ ఈ ‘ప్లాస్టిక్ బియ్యం’ గోల పెద్దగానే నడిచింది. ఆ తర్వాత 2021 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీద నుంచి సర్కారు పథకాల బియ్యమంతా ఫోర్టిఫైడ్ చేస్తామని, అంటే పోషకాలు కలిపి ఇస్తామని ప్రకటించడం, ఆ బియ్యం దశలవారీగా స్కూళ్లకూ రేషన్ షాపులకూ రావడంతో పాత పుకారుకి కొత్త ప్రాణం వచ్చింది. ఎందుకంటే ఈసారి బియ్యంలో నిజంగానే తేడాగా కనిపించే గింజలు ఉన్నాయి. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్ కలిపి, జంతికలు వత్తినట్టు మిషన్లో వత్తి, మళ్లీ గింజ ఆకారం తెస్తారు. వంద కిలోల మామూలు బియ్యానికి అవి ఒక కిలో చొప్పున కలుపుతారు. రంగు కాస్త తేడా, కొన్ని నీళ్లలో తేలతాయి కూడా, ఇక ప్లాస్టిక్ అనుకోకుండా ఎలా ఉంటారు చెప్పండి. అనుమానపడ్డవాళ్లని తెలివితక్కువవాళ్లన్నట్టు మాట్లాడితే మీ ప్రాజెక్ట్ అక్కడే చచ్చిపోతుంది, ఇది పిల్లలకి మొదటి రోజే చెప్పండి.

ముందు బస్తా మీద ప్లస్ ఎఫ్ (+F) అన్న గుర్తు ఉందేమో పిల్లల్ని చూడమనండి, ఫోర్టిఫైడ్ బియ్యం అని దానర్థం. ఉంటే, వంట చేసే అక్కల దగ్గర చేట తీసుకుని గుప్పెడు బియ్యం పోసి, తేడాగా ఉన్న గింజలు ఏరించండి. కొన్నిటిని గిన్నెలో నానబెట్టి కొన్ని గంటలాగి వేళ్లతో నలిపితే పిండిలా మెదుగుతాయి. ఇంకొన్నిటి మీద సైన్స్ సార్ దగ్గరున్న అయోడిన్ చుక్క వేయించండి, పిండిపదార్థం ఉంటే నల్లగా, నీలంగా మారుతుందని పిల్లలు చదువుకున్నదే కదా, పక్కన ఒక మామూలు బియ్యం గింజ, ఒక ప్లాస్టిక్ ముక్క పెట్టి వాటి మీదా చుక్క వేస్తే ఇక మీరు నోరు విప్పక్కర్లేదు. ప్లాస్టిక్ కాల్చి చూపించే వీడియోలు చాలా తిరుగుతుంటాయి గానీ ఆ పని చేయించొద్దు, ఆ పొగ పిల్లలకి మంచిది కాదు.

ఇంతవరకూ సైన్స్. అసలు మీ సబ్జెక్ట్ ఇప్పుడు మొదలవుతుంది. ‘ప్లాస్టిక్ అని మీకు ఎవరు చెప్పారు’ అని ప్రతి పిల్లా ఇంట్లో అడగాలి. పిన్ని పంపింది అంటే, పిన్నికి ఎవరు పంపారు, వాళ్లకెవరు... అలా వెనక్కి పోతుంటే కొంత దూరం పోయాక ‘ఏదో గ్రూపులో వచ్చింది’ అన్న చోట దారి తెగిపోతుంది. తెగిన ప్రతి చోటా నోట్‌బుక్‌లో గీత గీయమనండి, క్లాసు మొత్తానివీ కలిపి బోర్డు మీద వేస్తే, కళ్లారా చూశామని చెప్పే మనిషి దాకా ఎన్ని దారులు చేరాయో వాళ్లకే కనిపిస్తుంది. మెసేజ్ పైన రెండు బాణాల గుర్తు ఉందేమో కూడా చూడమనండి, చాలాసార్లు ఫార్వర్డ్ అయిందని అర్థం. అలాంటివాటిని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా వాట్సాప్ 2020 ఏప్రిల్‌లో కట్టడి పెట్టింది. గుర్తు ఉంటే అబద్ధమని కాదు, గుర్తు లేకపోతే నిజమనీ కాదు, ఈ రెండో ముక్క పెద్దవాళ్లు కూడా మర్చిపోతారు.

ఇంకొకటుంది, దీన్ని మాత్రం వదలకండి. ‘అది ప్లాస్టికా’ అన్న ప్రశ్న మీ బల్ల మీదే తేలిపోతుంది. ‘ఆ బియ్యం అందరికీ మంచిదేనా’ అన్నది అలా తేలేది కాదు, దాని మీద నిపుణుల్లోనే వాదనలున్నాయి, తలసేమియా, సికిల్ సెల్ అనే రక్తానికి సంబంధించిన జబ్బులు ఉన్నవాళ్ల విషయంలో ఐరన్ గురించి జాగ్రత్త చెప్పినవాళ్లూ ఉన్నారు. మొదటి ప్రశ్నకి జవాబు దొరికింది కదా అని రెండోదాన్ని కూడా పుకారు అని కొట్టిపారేస్తే మన పిల్లలు చేసేది కూడా తప్పుడు ప్రచారమే అవుతుంది. రిపోర్టులో రెండు పేజీలు వేరువేరుగా పెట్టించండి.

దీన్ని సైన్స్ ఫెయిర్‌తో ఆపకుండా రేషన్ ఇచ్చే రోజుల్లో షాపు దగ్గర ఒక పూట చేట, గిన్నె పెట్టుకుని కూర్చోబెట్టండి. మీ ప్రాంతానికి ఇది కొత్త కూడా కాదు. 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయన్న మెసేజ్‌లు నమ్మి తెలంగాణలో కొన్నిచోట్ల అమాయకుల్ని కొట్టారు, ప్రాణాలు పోయాయి. అప్పుడు గద్వాల, వనపర్తి వైపు ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరికో పోలీసుని పెట్టి, డప్పు కొట్టించి, పాటలు పాడించి పల్లెపల్లెనా చెప్పించారు. అదే ఏడాది కేరళలోని కన్నూర్ జిల్లాలో సుమారు 150 సర్కారు బడుల్లో ‘సత్యమేవ జయతే’ పేరుతో ఇలాంటి పాఠాలే మొదలుపెట్టారు. అక్కడ కారణం మీజిల్స్-రుబెల్లా టీకా మీద వాట్సాప్‌లో వచ్చిన పుకార్లు, వాటి దెబ్బకి తల్లిదండ్రులు టీకా వద్దన్నారు. మీ పిల్లలకి ఈ రెండూ చెప్పండి, చార్టు వాళ్లే చింపేస్తారు.

ప్రశ్న: అన్నా, మాది గుడివాడ దగ్గర పల్లెటూరు, డిగ్రీ ఫస్టియర్ అయింది. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్‌కి ‘సైబర్ మోసాలు – గ్రామీణుల అవగాహన’ అనే టాపిక్ తీసుకున్నాం. సర్వే ఫారంలో పేరు, ఫోన్ నంబర్, ఏ బ్యాంకు, ఏ యూపీఐ యాప్, నెలకి ఎంత వాడతారు అని ఉన్నాయి. ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు, కొందరు తిట్టి పంపేశారు. టైమ్ లేదు, ఫారాలు మేమే నింపేయాలా?

జవాబు: తమ్ముడూ, తిట్టి పంపినవాళ్లే మీ ఊళ్లో అందరికంటే తెలివైనవాళ్లు. ముక్కూమొహం తెలియనివాళ్లకి బ్యాంకు వివరాలు చెప్పొద్దని నేర్పడానికి వెళ్లి, ముందు మీరే బ్యాంకు వివరాలు అడిగితే ఎలా? పేరు, నంబర్, బ్యాంకు గళ్లు కొట్టేయండి. మీరే నింపేసుకోవడం అనేది మన కాలేజీల్లో ఎంత మామూలైపోయిందో నాకూ తెలుసు, కానీ సమాచారం నిజమో కాదో చూసుకోండని చెప్పే ప్రాజెక్ట్‌కి దొంగ లెక్కలు రాయడం మరీ అన్యాయం. పదిమంది దగ్గర కూర్చుని రాసిన నిజమైన పది కథలు చాలు, మీ మెంటార్ ఒప్పుకోకపోతే ఈ పేజీ చూపించు.

ఇక చెప్పాల్సినవి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు, పిన్ అడిగిందంటే మన ఖాతాలోంచి పోతున్నట్టే. ఈ ఒక్కటి ఎదురుగా చేసి చూపించాలి, నువ్వు ఒక రూపాయి పంపించు, వాళ్ల ఫోన్లో పిన్ అడగకుండానే పడిందని వాళ్లే చూసుకుంటారు. వాళ్ల ఫోన్ నువ్వు చేతిలోకి తీసుకోకు, వాళ్లనే నొక్కనివ్వు. తర్వాత ఏపీకే ఫైళ్లు. పెళ్లి శుభలేఖ అనీ, బండి చలానా అనీ, పీఎం కిసాన్ అనీ వాట్సాప్‌లో వస్తాయి, ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటే అది ఫొటో కాదు, ఫోన్లోకి దిగే యాప్, దాన్ని నొక్కొద్దని చెప్పు. పోలీసు డ్రెస్‌లో వీడియో కాల్ చేసి ‘డిజిటల్ అరెస్ట్’ అనేవాడి గురించి కూడా చెప్పు, మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు, 2024 అక్టోబర్‌లో ప్రధాని మన్ కీ బాత్‌లోనూ ఇదే చెప్పారు. డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమైతే డబ్బు ఇంకో నాలుగు ఖాతాలు దాటిపోతుంది. ఆ నంబర్ రాసిన స్టిక్కర్ ఫోన్ కవర్ వెనక అంటించి రండి.

ప్రశ్న: మా పాప ఏడో తరగతి. ‘బాధ్యతగా ఇంటర్నెట్’ అని స్కూల్లో రీల్ తీసి, పిల్లల మొహాలు, పేర్లు, సెక్షన్‌తో సహా స్కూల్ ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు. అడిగితే ‘ప్రాజెక్టే కదండీ’ అన్నారు. నేనేమైనా అతి చేస్తున్నానా?

జవాబు: లేదమ్మా. టాపిక్ పేరు చూసి నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్లంతా పిల్లలే, వాళ్ల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలన్నది అందులో ఉన్న మాటే. గొడవ పెట్టుకోకుండా, రీల్ తీసేయమని మర్యాదగా ఒక ఉత్తరం రాసి ఇవ్వండి, కాపీ మీ దగ్గర ఉంచుకోండి. పిల్లల చేతులు, వాళ్లు గీసిన బొమ్మలు, గొంతు చాలు రీల్‌కి, మొహాలు ఎందుకు?

ప్రశ్న: సార్, ప్రాజెక్ట్ రిపోర్ట్ చాట్‌జీపీటీతో రాయిస్తే తప్పా? – పదో తరగతి, కరీంనగర్

జవాబు: రాయించు, కానీ మీ ఊరి గురించి అడుగు. చెరువు ఎవరు తవ్వించారు, గుడి ఎప్పటిది, జాతర ఏ నెలలో అని. వచ్చింది ప్రింట్ తీసుకుని తాతయ్య దగ్గరికీ, గుడి పూజారి దగ్గరికీ, శాసనం ఉంటే ఆ రాయి దగ్గరికీ వెళ్లు. ఎక్కడెక్కడ కల్పించి రాసిందో ఎర్ర పెన్నుతో గుర్తులు పెట్టి, పక్కన ఎవరు ఏం చెప్పారో రాసి, ఆ కాగితాలే సార్‌కి ఇచ్చెయ్.