ర్యాకు పిన్నుల తూట్లు: అల్లునికి ఉత్తరం

అల్లుడూ,

పక్క పలకలు కోయించినవని మీ అమ్మ చెప్పింది. డ్రిల్లు పట్టకముందే ఇది చదువు.

మొదలు అరలను మోసే పిన్నులు కొను, తర్వాతనే డ్రిల్లు బిట్టు. పిన్నులు మామూలుగా 5 ఎం.ఎం.వి వస్తయి, పావు ఇంచువి గూడ ఉంటయి. వేస్టు ముక్క మీద తూటు వేసి చూడు. పిన్ను వేలితో నొక్కితే దిగాలె, ముక్క తిరగేస్తే రాలొద్దు.

ఒక అరకు నాలుగు పిన్నులు. ఆ నాలుగు ఒక్క ఎత్తుల ఉండాలె, అంతే. నాలుగు వరుసలూ కలిసి ఒక ఎం.ఎం. పైకి పోయినా ఎవనికీ తెల్వదు. ఒక్క తూటు తప్పిందనుకో, అర మూడు పిన్నుల మీద నిలబడి టకటక ఊగుతది. అందుకే పలకల మీద టేపు పెట్టి కొలుసుకుంట పోకు, తూట్ల పట్టీ ఒకటి చేసుకో. దాన్ని పలక మీద పెట్టి, దాని తూట్లల్ల నుంచే పలకకు తూట్లు కొట్టాలె.

మూడడుగుల టేకు పట్టీ, 74 ఎం.ఎం. వెడల్పు, 20 మందం. ప్లైవుడ్‌దైతే తూట్లు తొందరగ అరుగుతయి. నడిమిట్ల గీత గీసి, కింది కొస నుంచి 200 దగ్గర మొదటి గుర్తు, తర్వాత 232, 264, ఇట్ల 32 చొప్పున. స్కేలు కదపకుండ అన్నీ గీయి. ఒకదాని నుంచి ఒకటి కొలిస్తే అర ఎం.ఎం. తప్పు ఇరవై తూట్లకు సెంటీమీటరైతది. పట్టీకి తూట్లు మాత్రం నిలువు డ్రిల్లింగ్ మిషన్ ఉన్న షాపుల వేయించు. దాంట్ల వంకర పడితే ప్రతి పలకకూ అదే వంకర.

పట్టీ మీద ‘కింద’ అని పెద్దగ రాయి. పట్టీ కింది కొస పలక కింది కొసకు, పట్టీ అంచు పలక ముందు అంచుకు ఆనించి క్లాంపులు బిగించు. తూటు 37 లోపలికి దానంతటదే పడ్తది. వెనక వరుసకు వెనక అంచుకు జరుపు. నాలుగు వరుసలూ కింది నుంచే. ఒక్కటి పై నుంచి కొట్టినా పలకల పొడుగుల తేడా అంతా అర మీదికొస్తది. కింది కోత మూలమట్టం పెట్టి ముందే చూసుకో.

సన్మైకా అతికినంకనే తూట్లు. డ్రిల్లు మీద సుత్తె బొమ్మ దిక్కు మీట ఉంటే తిప్పెయ్యి, అది గోడలకు. దాంతోని కొడితే అంచులు పెచ్చులు లేస్తయి. మొన నడుమ ముల్లున్న చెక్క బిట్టు వాడు. ఫుల్ స్పీడ్ అందుకున్నంకనే ఆనించు.

18 ఎం.ఎం. పలకకు 10 లోతు చాలు. పట్టీ 20 కలిపితే బిట్టు 30 దిగాలె. బిట్టుకు టేపు చుట్టి గుర్తు పెడ్తరు గని, అది మెల్లగ పైకి జారుతది. తూటు అవతలికి వచ్చినంక తెలుస్తది. చెక్కముక్కకు తూటు వేసి బిట్టుకు తొడుగు. బిట్టు చక్కు బయట, అంటే డ్రిల్లు బిట్టును పట్టే మూతి బయట, 60 ఉంటే ఆ చెక్కముక్క పొడుగు 30. చక్కు దానికి ఆనినంక ఇంక దిగదు.

పలక పొడుగైతే, ఆఖరి తూట్ల 5 ఎం.ఎం. చువ్వ దించి, పట్టీని పైకి జరిపి మొదటి తూటు దానికి తొడుగు.

ఎక్కడన్న తప్పితే వెదురు పుల్ల ఫెవికాల్ పూసి కొట్టు. రాత్రంతా ఆరినంక కోసి మళ్ల వెయ్యి.

అరలు లోపలి వెడల్పు కన్న 2 ఎం.ఎం. తక్కువ కోయించు. 30 ఇంచులు దాటితే పుస్తకాల బరువుకు నడుము వంగుతది. అట్టడుగు అర మాత్రం నేలకు నాలుగించుల పైన మేకులతోనే బిగించు, మన దిక్కు చెదలు తెల్సుగద.

పాలిష్ తూట్లల్లకు దిగితే పిన్నులు పట్టవు. అట్లయితే డ్రిల్లు పెట్టకు, బిట్టును చేత్తోని తిప్పి గీకెయ్యి.

మీ మామ