డొంక దారుల్లో సైకిలెక్కే ముందు

చిరంజీవి మేనల్లుడికి అత్త ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్లాన్ చూశాను. జులైలో నువ్వూ నీ రూమ్మేటూ ఇక్కడ ఫ్రాన్స్‌లోని లవాల్‌లో బయల్దేరి రెండు రోజుల్లో మాన్ సాన్ మిషెల్ చేరతారు, తారు రోడ్డు దాదాపు తొక్కరు, అన్నీ డొంక దారులే. ఉత్సాహం బాగుంది గానీ, రోజుకు 110 కిలోమీటర్లు అన్నచోట ఆగిపోయాను. ఇక్కడి బొకాజ్‌లో, అంటే దడులు కట్టిన చిన్న పొలాల సీమలో, ఎంత దూరం పోగలవో నీ కాళ్లు తేల్చవు, దారికి అటూ ఇటూ ఉన్న దడి తేలుస్తుంది. అందుకే ముందు ఆ దడి సంగతి చెబుతాను.

మయెన్ జిల్లాలోనూ, దాన్ని ఆనుకున్న నార్మండీలోనూ పాత పొలాలు చిన్న చిన్న ముక్కలు. ఒక్కో ముక్క చుట్టూ మట్టి గట్టు, గట్టు మీద ఓక్, హేజెల్, ముళ్లపొదలు కలగలిసిన దడి. పశువులు దాటకుండా, గాలి కొట్టకుండా, పొయ్యిలోకి కట్టె దొరికేలా తరతరాలుగా పెంచుకున్నారు. రెండు గట్ల మధ్య బండ్లూ మందలూ నడిచి నడిచి, వాన నీళ్లు కోసి కోసి దారి లోతుకు దిగిపోయింది. దాన్నే ఇక్కడివాళ్లు షెమాన్ క్రూ అంటారు. కొన్నిచోట్ల సైకిల్ మీద కూర్చున్నా నీ తల గట్టుకన్నా కిందే ఉంటుంది.

ఆ గట్లు ఎంత గట్టివంటే, 1944 వేసవిలో అమెరికా ట్యాంకులు వాటిని ఎక్కబోతే ముందు భాగం పైకి లేచి, పలచగా ఉండే అడుగు జర్మన్ల గుళ్లకు చిక్కేది. చివరికి కర్టిస్ క్యూలిన్ అనే సార్జెంటు, జర్మన్లు సముద్రపు ఒడ్డున పాతిన ఇనుప అడ్డంకుల్నే కోసి ట్యాంకు ముందు కోరల్లా అతికించి గట్లను చీల్చే ఏర్పాటు చేశాడు. కాబట్టి దారి తప్పినప్పుడు సైకిల్ భుజాన వేసుకుని పొలానికి అడ్డంపడదామన్న ఆలోచన పెట్టుకోకు. గట్టు దాటావే అనుకో, అవతల ఆవులకు కట్టిన కరెంటు తీగ ఉంటుంది.

డొంకలో ఎండ పడదు. బయట తారు రోడ్డు ఆరిపోయి రెండు మూడు రోజులైనా లోపల బురద అలాగే ఉంటుంది. బంకమన్ను టైరుకూ ఫ్రేముకూ మధ్య పేరుకుని చక్రం కదలనివ్వదు. నీ బండికి 45 మిల్లీమీటర్ల టైరు పడుతుందన్నావు. పట్టినా 40 చాలు, మిగిలిన జాగా బురదకు వదిలెయ్. ట్యూబ్‌లెస్ తప్పనిసరి. నీ బరువుకు 30-35 పీఎస్‌ఐ గాలి సరిపోతుంది.

ట్యూబ్‌లెస్ ఎందుకంటే, దడిలో బ్లాక్‌థార్న్, హాథార్న్ మొక్కలుంటాయి. వాటి ముల్లు మేకులాంటిది. ట్రాక్టరుకు తగిలించిన కోత యంత్రం దడిని కొట్టుకుంటూ పోతే ఆ ముళ్లన్నీ దారిలో పరుచుకుంటాయి. పక్షులు గూళ్లు పెట్టే కాలమని, యూరప్ సబ్సిడీ తీసుకునే రైతులు మార్చి 16 నుంచి ఆగస్టు 15 వరకు దడి కొట్టకూడదని నిబంధన ఉంది. అందుకని జులైలో ముళ్ల బెడద తక్కువే. కానీ అదే కారణంగా బ్లాక్‌బెర్రీ తీగలూ, తగిలితే దద్దుర్లు లేచే మొక్కలూ దారి మీదకు వాలి ఉంటాయి. మోకాళ్ల దాకా సాక్సులు తెచ్చుకో, కళ్లద్దాలు మర్చిపోకు. సాయంత్రం స్నానం చేసేటప్పుడు మోకాలి మడతల్లో, నడుం దగ్గర పేలంత పురుగులు పట్టుకుని ఉన్నాయేమో చూసుకో. టిక్ అంటారు, గడ్డిలోంచి పాకుతుంది, లైమ్ జబ్బు తెస్తుంది. దాన్ని తీసే చిన్న ప్లాస్టిక్ కొక్కెం ఏ ఫార్మసీలోనైనా అమ్ముతారు. నూనె రాయడం, నిప్పు పెట్టడం లాంటి వైద్యాలు చేయకు.

ఇక దారి. మొత్తం డొంకలే పెట్టుకుంటే మొదటి రోజు మధ్యాహ్నానికే నీరసపడిపోతారు. ఒక నికరమైన దారి పట్టుకుని, దాని నుంచి డొంకల్లోకి వెళ్లి వస్తుండాలి. ఆ నికరమైన దారి ఇక్కడ సిద్ధంగానే ఉంది. లవాల్ నుంచి మయెన్ పట్నం దాకా నది ఒడ్డునే పాత రోజుల్లో పడవల్ని లాగిన బాట, గట్టిపరిచిన ఇసుక, లాకుల పక్కన లాకు కాపరుల ఇళ్లు. అక్కణ్నుంచి ఆంబ్రియేర్ మీదుగా డొంఫ్రాన్ దాకా పాత రైలు కట్ట. పట్టాలు తీసేసి సైకిళ్లకూ నడిచేవాళ్లకూ వదిలేశారు, వ్వా వెర్త్ అంటారు. ఇక్కడి దాకా వెలో ఫ్రాన్సెట్ అనే సైకిల్ దారి గుర్తులు చూసుకుంటూ రావచ్చు. డొంఫ్రాన్‌లో పడమటికి తిరిగితే వెలోసేనీ. పారిస్ నుంచి మాన్ సాన్ మిషెల్‌కు వచ్చే దారి అది, మోర్తాన్ వైపు అది కూడా రైలు కట్ట మీదే. అంతా కలిపి దగ్గర దగ్గర 150 కిలోమీటర్లు. రైలు నడిచిన కట్ట గనక ఎత్తు పల్లాలు తెలియవు. తెలియవు అంటే బోర్ అని కూడా అర్థం, అది నేను ఒప్పుకుంటాను. అందుకే రోజుకు రెండు మూడు డొంకలు కలుపుకో, ఒక్కోటి ఐదారు కిలోమీటర్లు, మళ్లీ కట్ట మీదకే చేరేలా. కట్ట మీద గంటకు 18 పోతావు, డొంకలో 9 పోతే గొప్ప. అలా చూస్తే మూడు రోజులు పెట్టుకోవడమే మంచిది. ముందు రోజు వాన పడితే డొంక మాట మర్చిపోయి కట్ట మీదే వెళ్లు.

ఏ డొంక ఎంచుకోవాలో యాప్ చెప్పదు. 1950 తర్వాత ప్రభుత్వం చిన్న కమతాల్ని కలిపి ట్రాక్టర్లకు అనువుగా పెద్ద పొలాలు చేసింది. ఫ్రాన్స్‌లోని దడుల్లో దాదాపు 70 శాతం అప్పటినుంచి పోయాయి, వాటితో పాటు దార్లూ పోయాయి. యాప్‌లో గీత ఉంటుంది, తీరా వెళ్తే ఎదురుగా మొక్కజొన్న చేను. ఐజీఎన్ అనే ప్రభుత్వ మ్యాపుల సంస్థ వాళ్ల 1:25000 మ్యాపు తీసి, పక్కనే ఉపగ్రహ ఫొటో పెట్టుకుని చూడు. రెండు చెట్ల వరసలు తెగకుండా సాగుతుంటే డొంక బతికి ఉన్నట్టు. మధ్యలో తెగిపోయి ఒకే రంగు పొలం కనిపిస్తే వదిలెయ్. షెమాన్ రురాల్ అని రాసి ఉన్నది పంచాయతీ దారి, ధైర్యంగా వెళ్లవచ్చు. ప్రివే, అంటే సొంత స్థలం, అన్న బోర్డు కనిపిస్తే మారు మాట్లాడకుండా వెనక్కి తిరుగు. గేటు మూసి ఉంటే దాటి మళ్లీ మూసెయ్, తెరిచి ఉంటే అలాగే వదిలెయ్.

డొంక తారు రోడ్డును కలిసేచోట దిగి నడువు. దడి చూపునే కాదు, చప్పుడును కూడా ఆపేస్తుంది. గడ్డి మోసుకెళ్లే ట్రాక్టరు పది గజాల దగ్గరికి వచ్చేదాకా వినపడదు, డ్రైవరుకు నువ్వు అసలే కనపడవు. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నావని తెలిస్తే మీ అమ్మకు చెబుతాను.

తిండి విషయం నువ్వుండే రెన్ నగరంలో లాగా ఉండదు. పల్లెల్లో బేకరీలు వారంలో ఒక రోజు, చాలాచోట్ల సోమవారం, మూసేస్తారు. హోటల్లో భోజనం పన్నెండు నుంచి రెండింటి లోపే, రెండుంపావుకు వెళ్తే కాఫీ తప్ప ఏమీ రాదు. మొదటి రోజుకు పులిహోర కట్టుకెళ్లు, అది చెడదు. నీళ్లకు శ్మశానాలు వెతుక్కో. మొహం చిట్లించకు, ఇక్కడి సైకిలిస్టులందరూ అంతే చేస్తారు. ప్రతి ఊళ్లోనూ సమాధుల దగ్గర పూలకు నీళ్లు పోయడానికి కుళాయి ఉంటుంది. నాన్ పోతాబ్ల్, అంటే తాగే నీళ్లు కావు, అని రాసి ఉంటే మాత్రం తాగకు. ఎవరు ఎదురైనా ముందు బోంజూర్ అని, ఆ తర్వాతే దారి అడుగు.

డొంఫ్రాన్‌లో ఒక రాత్రి ఉండు. కొండ మీద కూలిపోయిన కోట, దాని కింద పొలాల్లో ఓక్ చెట్లంత ఎత్తు బేరి చెట్లు. వాటి పళ్లతో చేసే పువారే అనే మద్యం ఈ ప్రాంతపు పానీయం, 2002 నుంచి ఏఓసీ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకేనన్న ముద్ర, ఉంది. తియ్యగా ఉందని మధ్యాహ్నమే మొదలెట్టకు. సైకిల్ నడిపేవాళ్లకూ కారు వాళ్లకున్న మద్యం పరిమితే. మోర్తాన్‌లో జలపాతం ఉంది, ఊరి పైన 1944 ఆగస్టులో అమెరికన్ సైనికులు ముట్టడిలో పట్టు వదలకుండా నిలిచిన 314వ కొండ ఉంది. రెండింటిలో ఒకటే చూడగలిగితే కొండెక్కు. రెండు రోజులుగా దడుల మధ్య ఏమీ కనపడక తిరిగిన దేశమంతా అక్కణ్నుంచి కనిపిస్తుంది.

తిరుగు ప్రయాణం పాంతోర్సాన్ స్టేషన్ నుంచి. రెన్‌కు వచ్చే రైళ్లు రోజుకు కొన్నే, సైకిళ్లు పెట్టే కొక్కేలు ఇంకా తక్కువ. ఆదివారం సాయంత్రం టూరిస్టులతో కిటకిటలాడుతుంది కాబట్టి సోమవారం పొద్దున రైలుకు ఏర్పాటు చేసుకో. స్టేషన్‌కు అరగంట ముందే చేరి, బురద కడిగి మరీ బండి ఎక్కించు.

మీ అత్త