ఏరియేటర్ సెట్టుకు ఇన్ని కోడ్లెందుకు?

ప్రశ్న: కావలిలో రొయ్యల చెరువుల సామగ్రి అమ్ముతున్నాం. ఏరియేటర్ (చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రం) సెట్టులో మోటారు, రెక్కలు, ఫ్లోట్లు (యంత్రాన్ని నీటిపై తేల్చేవి), స్టార్టర్, కేబుల్ రైతు రైతుకూ మారుతుంటాయి. ప్రతి రకం సెట్టుకూ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక ఐటమ్ కోడ్ తీశాం. అయినా మూడు ఫ్లోట్లు పడాల్సిన 2 హెచ్‌పీ సెట్టుకు రెండే బిల్లవుతున్నాయి. కేటలాగ్‌లో బండిల్ (భాగాలన్నీ కలిపి ఒకే ఐటమ్) ఎలా కట్టుకోవాలి?

జవాబు: ఆ కోడ్లన్నీ ఆపేసి, ‘ఏరియేటర్ సెట్టు’ అని ఒకే ఐటమ్ తీయండి. దాని కింద భాగాల గ్రూపులు పెట్టండి. మోటారు గ్రూపుకు కనీసం 1, గరిష్ఠం 1 ఇవ్వాలి. గరిష్ఠం ఖాళీగా వదిలితే కౌంటర్లో కుర్రాడు రెండు మోటార్లకూ టిక్కు పెట్టినా సాఫ్ట్‌వేర్ అడ్డు చెప్పదు.

రెక్కలు, ఫ్లోట్లు మనిషి ఎంచే పని పెట్టుకోవద్దు. మోటారు ఎంచగానే వాటంతట అవే పడాలి: మామూలుగా 1 హెచ్‌పీకి 2 రెక్కలు, 2 ఫ్లోట్లు, 2 హెచ్‌పీకి 4 రెక్కలు, 3 ఫ్లోట్లు. మీ కంపెనీ మోడల్ లెక్క వేరైతే ఆ అంకెలే వేసుకోండి. సింగిల్ ఫేజ్ మోటారు తీసుకుంటే త్రీ ఫేజ్ స్టార్టర్ అసలు కనబడకూడదు. ఇది వట్టి హెచ్చరికగా ఉంటే చదవకుండా ‘ఓకే’ నొక్కేస్తారు, సేవ్ కానివ్వని రూల్‌గానే పెట్టండి.

ఎక్కువమంది దెబ్బతినేది పరిమాణం దగ్గర. 6 సెట్లంటే రెక్కలు, ఫ్లోట్లు ఆరింతలు కావలసిందే. కేబుల్ అలా కాదు, గట్టు మీది స్టార్టర్ నుంచి ఒక్కో ఏరియేటర్ ఎంత దూరమో దాన్నిబట్టి ఉంటుంది. సెట్టుకు 40 మీటర్లని పెట్టి గుణించనిస్తే, రైతుకు 150 చాలినా 240 మీటర్లు బిల్లులో పడతాయి. కేబుల్‌కు గుణకారం తీసేసి, మీటర్లు చేత్తో కొడితేగానీ ముందుకు పోకుండా చేయండి.

సెట్టుకు ధర పెట్టి భాగాల ధరలూ అలాగే ఉంచితే రెండుసార్లు పడుతుంది. మోటారు, రెక్కలు, ఫ్లోట్లకు ‘ధరలో కలిసింది’ అని ఇచ్చి, స్టార్టర్, కేబుల్ మాత్రం అదనంగా చేర్చండి. స్టాకు భాగాల నుంచే తగ్గాలి, సెట్టుకు స్టాకు పెట్టొద్దు.

వాడే ముందు ఒక పరీక్ష తప్పనిసరి. 2 హెచ్‌పీ ఎంచి, మళ్లీ 1 హెచ్‌పీకి మార్చండి. మూడో ఫ్లోటు జాబితాలో మిగిలిపోయిందంటే, చేర్చే రూల్ రాసి తీసేసే రూల్ మరిచారన్నమాట.

ప్రశ్న: బండిల్ ధర మారిస్తే ఒంగోలులో ఇదివరకే ఇచ్చిన కొటేషన్లూ మారిపోతున్నాయి.

జవాబు: ఉన్న బండిల్‌ను దిద్దకండి. కాపీ తీసి కొత్త ధర, మొదలయ్యే తేదీ ఇవ్వండి. పాతదానికి ముగింపు తేదీ వేయండి. రైతుకు పంపిన కొటేషన్‌ను వెంటనే లాక్ చేయండి.