బీపీ పట్టీ దగ్గర మొదలుపెట్టు

చి. శ్రావ్యకు,

కణితి కొత్త రక్తనాళాలను ఎలా పెంచుకుంటుందో, మందులతో వాటిని ఎలా ఆపుతామో చెప్పే నీ సెమినార్ 42 స్లైడ్లూ నిన్న భోజనాలయ్యాక కూర్చుని చూశాను. కష్టపడ్డావు, కాదనను. కానీ మూడో స్లైడుకే బాణాలు మొదలయ్యాయి, ఇరవయ్యోదానికి నాకు కునుకు పట్టింది. ముప్ఫై ఏళ్లు కాన్సర్ వార్డుల్లో తిరిగినదాన్ని నాకే అలా ఉంటే, మధ్యాహ్నం రెండింటికి సెమినార్ హాల్లో కూర్చునే మీ సార్ల సంగతేంటి?

నా మాట విని మొదటి పది స్లైడ్లు తీసేయ్. ఒక రోగితో మొదలుపెట్టు. పెద్దపేగు కాన్సర్ కాలేయానికి పాకిన మనిషి. కొత్త రక్తనాళాలు పుట్టనివ్వని మందు బెవాసిజుమాబ్ రెండు డోసులు పడ్డాయి. మూడోదానికి వచ్చినప్పుడు సిస్టర్ బీపీ చూస్తే 160/100. అంతకుముందు ఏనాడూ బీపీ లేదు. మూత్రంలో స్ట్రిప్ ముంచితే ప్రొటీన్ రెండు ప్లస్సులు. ఇంతవరకు చెప్పి ఆగి, "ఎందుకు?" అని హాలును అడుగు. కణాలను పెరగమని చెప్పే నీ గ్రోత్ ఫ్యాక్టర్లూ, ఆ కబురు అందుకునే రిసెప్టర్లూ అన్నీ ఆ జవాబులోంచే రావాలి. కణితి రక్తనాళాల కోసం వాడుకునేది తను కొత్తగా కనిపెట్టిన సరుకేం కాదు, మన ఒంట్లో రోజూ పనిచేసేదే. అందుకే కణితి మీద వేసిన దెబ్బ మనిషికీ తగులుతుంది. ఈ ఒక్క దారం పట్టుకుని మిగతావన్నీ దానికి గుచ్చు.

ఆ జవాబును స్లైడు లేకుండా బోర్డు మీద గీయడం రావాలి నీకు. రక్తనాళం లోపలి పొరలోని ఎండోథీలియల్ కణం గీయి. దాని పైన వీఈజీఎఫ్ రిసెప్టర్-2. వీఈజీఎఫ్, అంటే రక్తనాళాలను పెంచే గ్రోత్ ఫ్యాక్టర్, పుట్టుకతోనే జంట అణువు, వచ్చి రెండు రిసెప్టర్లను పక్కపక్కకు లాగుతుంది. అవి కణం లోపలున్న తోకల మీద ఒకదానికొకటి ఫాస్ఫేట్లు అంటించుకుంటాయి. తోకలో ఆ ఫాస్ఫేట్లు అంటుకునే టైరోసిన్లన్నీ బట్టీ పట్టకు, 1175వది చాలు. అక్కడ పీఎల్‌సీ-గామా అనే ఎంజైమ్ అతుక్కుంటే కబురు ఈఆర్‌కే దాకా పోయి కణం విభజన మొదలవుతుంది. ఇంకో కబురు పీఐ3కే, ఏకేటీ అనే ఎంజైముల మీదుగా వెళ్లి కణాన్ని చావనివ్వదు, నైట్రిక్ ఆక్సైడ్‌నూ తయారుచేయిస్తుంది. ఈ నైట్రిక్ ఆక్సైడ్ దగ్గర కాస్త నిలబడు. నాళాలను వదులుగా ఉంచేది అదే. వీఈజీఎఫ్‌ను మందు పట్టేస్తే అది తగ్గి నాళాలు బిగుసుకుంటాయి. బీపీ పెరగడానికి కారణం ఇదొక్కటే కాదు గానీ ముందు చెప్పాల్సింది ఇదే. ఇక మూత్రం సంగతి. మూత్రపిండంలోని వడపోత దగ్గర పోడోసైట్లనే కణాలు వీఈజీఎఫ్ తయారుచేసి, ఎదురుగా ఉన్న ఎండోథీలియల్ కణాలకు అందిస్తుంటాయి. ఆ సరఫరా ఆగితే జల్లెడ చెడుతుంది, ప్రొటీన్ కారుతుంది.

రిసెప్టర్-1 దగ్గరే పిల్లలు తడబడతారు. నువ్వూ తడబడ్డావు. అది వీఈజీఎఫ్‌ను రిసెప్టర్-2 కన్నా దాదాపు పది రెట్లు గట్టిగా పట్టుకుంటుంది, అయినా కణం లోపలికి చేరవేసేది తక్కువ. పట్టుకుంటుంది, పలకదు. దాని బయటి ముక్క ఒకటి విడిగా రక్తంలోనూ తిరుగుతుంది. హౌస్‌సర్జన్‌గా లేబర్ రూములో కాళ్లు వాచి, బీపీ పెరిగి, మూత్రంలో ప్రొటీన్ పోయే గర్భిణులను చూసే ఉంటావు. మాయ నుంచి ఈ విడి ముక్క అతిగా వచ్చి వీఈజీఎఫ్‌ను మింగేయడం అందులో పెద్ద కారణమని 2003లో బోస్టన్‌లో అనంత్ కరుమంచి బృందం చూపింది. ఆ ముక్కను ఎలుకల్లో పెంచితే వాటికీ బీపీ, ప్రొటీనూ వచ్చాయి. మన రోగి కథకూ ఆ గర్భిణుల జబ్బు ప్రీఎక్లాంప్సియా కథకూ తేడా ఏముంది చెప్పు? ఒకచోట మాయ చేసిన పని ఇంకోచోట మనం సెలైన్‌లో కలిపి చేస్తున్నాం. అఫ్లిబర్సెప్ట్ అయితే అచ్చంగా ఈ కిటుకుతో చేసిన మందే, రిసెప్టర్-1, 2ల ముక్కలను యాంటీబాడీ తోకకు అతికించారు. ఈ పోలిక చెప్పావంటే గైనిక్ వాళ్లు కూడా నిద్ర లేస్తారు.

చరిత్రకు ఒక్క స్లైడు చాలు. కొత్త నాళాలు లేకుండా కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి పెరగలేదని అమెరికా సర్జన్ జూడా ఫోక్‌మన్ రాసింది 1971లో. 1983లో డ్వోరాక్, సెంగర్ల పరిశోధక బృందం గినీ పందుల కడుపునీరులోంచి నాళాలను కారేలా చేసే ప్రొటీన్‌ను పట్టుకుంది. 1989లో ఫెరారా అనే శాస్త్రవేత్త వీఈజీఎఫ్ అని పేరు పెట్టిందీ అదీ ఒక్కటేనని తేలింది. 'నాళాలను కారేలా చేసేది' అనే ఆ పాత పేరును వదలకు, అండాశయ కాన్సర్‌లో కడుపుకు నీరెందుకు పడుతుందో అదే చెబుతుంది.

కణితికి ఇంత వీఈజీఎఫ్ ఎందుకంటే, లోపల ఆక్సిజన్ అందక. ఆక్సిజన్ ఉంటే హెచ్‌ఐఎఫ్ అనే ప్రొటీన్‌కు గుర్తు పడుతుంది, ఆ గుర్తు చూసి వీహెచ్‌ఎల్ అనే ఇంకో ప్రొటీన్ దాన్ని నాశనానికి పంపుతుంది. ఆక్సిజన్ లేకపోతే హెచ్‌ఐఎఫ్ బతికిపోయి వీఈజీఎఫ్ జన్యువును లేపుతుంది. ఈ సంగతి తేల్చినందుకే 2019 నోబెల్. కిడ్నీ కాన్సర్లలో ఎక్కువగా కనిపించే క్లియర్ సెల్ రకంలో వీహెచ్‌ఎలే చెడిపోతుంది కాబట్టి, ఆక్సిజన్ ఉన్నా లేనట్టే కణితి కేకలు పెడుతుంది. వీఈజీఎఫ్ రిసెప్టర్లను ఆపే సునిటినిబ్ లాంటి మాత్రలు అక్కడ అంత బాగా పట్టడానికి కారణం ఇదే.

నువ్వు డెల్టా పిల్లవి, కాలువలు నీకు చెప్పక్కర్లేదు. మంచి నాళం గట్టున్న కాలువ. ఆ గట్టు పెరిసైట్ కణాలు. వాటిని పిలిచేది పీడీజీఎఫ్ అనే ఇంకో గ్రోత్ ఫ్యాక్టర్. కణితిలో తవ్వుడే తవ్వుడు, గట్టు వేసే తీరిక లేదు. వంకర్లు, గండ్లు, నీరు బయటికి కారి చివరి మడికి అందదు. అందువల్ల కీమో కూడా లోపలికి చేరదు. ఐఐటీ కాన్పూర్‌లో కెమికల్ ఇంజనీరింగ్ చదివి హార్వర్డ్‌కు వెళ్లిన రాకేశ్ జైన్ 2001లో ఒక మాటన్నాడు: ఈ మందు నాళాలను చంపేముందు కొన్నాళ్లు సరిచేస్తుంది, కీమో లోపలికి పోయేది ఆ సందులోనే. నేను మొదట నమ్మలేదు. ఇంజనీరు కాబట్టి తట్టిందేమో, డాక్టర్లం మాకు గొట్టం కోసేయడమే తెలుసు.

లెక్కలు దాచకు. బెవాసిజుమాబ్‌కు 2004లో అమెరికాలో అనుమతి తెచ్చిన పెద్దపేగు కాన్సర్ ట్రయల్‌లో మధ్యస్థ ఆయుష్షు 15.6 నెలల నుంచి 20.3 నెలలకు పెరిగింది. రొమ్ము కాన్సర్‌కు 2008లో ఇచ్చిన అనుమతిని 2011లో వెనక్కి తీసుకున్నారు, జబ్బు పెరగడం కొంత ఆగింది గానీ ఆయుష్షు పెరగలేదు. ఒక దారి మూస్తే కణితి ఎఫ్‌జీఎఫ్ అనే ఇంకో గ్రోత్ ఫ్యాక్టర్‌తోనో ఇంకోదానితోనో వేరే దారి తెరుస్తుంది.

ఒక సంగతి నా తప్పుగానే చెబుతున్నా. నా రోగి ఒకాయన డోసుల మధ్యలో ఊళ్లో హెర్నియా ఆపరేషన్ చేయించుకుని వచ్చాడు. కుట్లు విడిపోయి ఉన్నాయి. పుండు మానడానికీ వీఈజీఎఫ్ కావాలి కదా! ఆపరేషన్‌కు ముందు నాతో ఒకమాట చెప్పమని నేను చెప్పలేదు, ఆయనకేం తెలుసు? ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు 20 రోజులు పడుతుంది. అనుకుని చేసే ఆపరేషన్‌కు ముందు కనీసం 28 రోజులు, తర్వాత కనీసం 28 రోజులు, గాయం పూర్తిగా మానేదాకా ఇవ్వకూడదు. పన్ను పీకించుకునేముందు కూడా చెప్పమను. ఈ మాట రోగికి చెప్పి ఊరుకోకు, వెంట వచ్చిన మనిషికీ చెప్పు, చీటీ మీద తెలుగులో రాసివ్వు.

ఇంటివాళ్లు "రక్తనాళాలు ఆపే మందంట, కాళ్లకు రక్తం అందుతుందా?" అని అడుగుతారు. నవ్వకు. పాత కాలువలు ఉంటాయమ్మా, కొత్తవి తవ్వడం ఆపుతాం అని చెప్పు. గడ్డ కట్టే ప్రమాదం నిజంగానే ఉంది కాబట్టి, కాలు ఒక్కటే వాచినా, ఆయాసం వచ్చినా వెంటనే రమ్మను.

ఇంకొకటి. 31వ స్లైడులో యాంజియోపోయిటిన్-2 అనే ప్రొటీన్ నుంచి రక్తనాళ కణాల మీదుండే టై-2 రిసెప్టర్‌కు ఉత్తేజపరుస్తుందని బాణం వేశావు. ఉత్తేజపరిచేది యాంజియోపోయిటిన్-1. రెండోది ఎక్కువగా దానికి అడ్డు పడేదే. మార్చి, ఆదివారం లోపు పంపు. మీ అమ్మకు చెప్పకు గానీ, కళ్లజోడు మార్చాలి నేను, అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ